నేల చూస్తూ విన్న సినిమాలు

కంటి ముందు దోమలు తిరుగుతున్నట్టు అనిపించి, చేత్తో తోలినా పోకపోతే, దయచేసి ఇండియా ప్రయాణం దాకా ఆగకండి. ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేసి వెళ్ళి కళ్ళు చూపించుకోండి, నేనేమీ అనుకోను. మిగతావాళ్ళకి జరిగింది జరిగినట్టు చెప్తాను. చెప్పుకోవడం నాకూ అవసరమే. మూడు నెలలు దాటినా, పొద్దున్నే లేవగానే ఎడమకన్ను మూసుకుని, కుడికన్నుతో గోడ మీద గడియారం చూసి, ముళ్ళు కనిపిస్తేనే మంచం దిగుతున్నాను.

జూన్

మేముండేది కాన్‌బెర్రాలో, హారిసన్‌లో. మావారు రాఘవ ఆఫీసు ఉద్యోగి. మా అమ్మాయి హాసినికి పదహారేళ్ళు. నేను చైల్డ్ కేర్ సెంటర్లో పసిపిల్లల గదిలో పనిచేస్తాను. నా ఎడమకన్ను పుట్టినప్పటి నుంచీ మందం. దానికి మనుషులు రంగులుగా తెలుస్తారు గానీ ముఖాలు తెలియవు. నలభై ఏడేళ్ళు కుడికన్ను ఒక్కదాంతోనే నెట్టుకొచ్చాను. చదువూ, వంటా, కారూ, అన్నిటికీ మించి సినిమాలూ ఆ ఒక్క కన్ను పెట్టిన భిక్షే. సినిమా అంటే నాకు మహా పిచ్చి. ఏ భాషదైనా సరే, ఎంత చెత్తదైనా సరే, చివరిదాకా చూసి తిట్టుకుంటేగానీ తృప్తి ఉండదు.

జూన్ మొదట్లో ఆ కుడికంట్లో నల్లటి చుక్కలు కనబడ్డాయి. రెండు రోజులకి పక్కనుంచి మెరుపులు. కళ్ళజోడు పవర్ మారిందనుకున్నాను. ఇక్కడుండే మనవాళ్ళందరికీ ఒక జబ్బుంది. పన్ను పీకినా, మోకాలు నొప్పి పెట్టినా, చూపు తగ్గినా, "ఇండియా వెళ్తున్నాంగా, అక్కడ చూపించుకుందాం" అనడం. అక్కడైతే మన భాషలో అడిగి చెప్పించుకోవచ్చు, సాయంత్రానికల్లా కళ్ళజోడు చేతికిస్తారు. స్కూలు సెలవుల్లో తెనాలి వెళ్ళడానికి టిక్కెట్లు కూడా కొనేసి ఉన్నాయి. ఈ మాత్రానికి ఇక్కడ అపాయింట్‌మెంట్లూ, సెలవులూ ఎందుకని ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు టీ కప్పులో పొయ్యబోయి కప్పు పక్కన పోశాను. హాసిని చూసింది.

"అమ్మా, ఆర్ యూ ఓకే?"

"ఏం లేదే, బాగానే ఉంది. గుడ్డ అందుకో."

అలా మూడు వారాలు బాగానే ఉందన్నాను. మావారితోనూ అదే మాట, సెంటర్లోనూ అదే మాట.

నాలుగో వారం బుధవారం పొద్దున్న సెంటర్లో పాలసీసా పట్టుకుని గదిలో అటు నుంచి ఇటు నడుస్తున్నాను. నాతో పనిచేసే అమ్మాయి గట్టిగా "సుధా, స్టాప్!" అని అరిచింది. అడుగు గాల్లోనే ఆగిపోయింది. కింద, సరిగ్గా నా కాలి దగ్గర, తొమ్మిది నెలల పాప పాకుతోంది. నాకు కనిపించలేదు. చూపులో కింది సగానికి నల్లటి పరదా వేలాడుతోంది, పాప ఆ నలుపులో ఉంది. సీసా అక్కడే పెట్టేసి గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. అప్పుడు నాకు గుర్తొచ్చింది నా కన్ను సంగతి కాదు, ఆ పాప వేళ్ళు.

మావారు వచ్చి తీసుకెళ్ళారు. కళ్ళజోడు కొట్టులో పరీక్ష చేసినావిడ నా కంట్లోకి ఒక్కసారి చూసి, తనే హాస్పిటల్‌కి ఫోన్ చేసింది. ఎమర్జెన్సీలో కూర్చున్నాం. పక్కన చెయ్యి విరిగిన ఆయన, జ్వరంతో ఒక పిల్ల. నాకు చూడ్డానికి దెబ్బా లేదు, గాయమూ లేదు. అందరికంటే ముందు నన్నే లోపలికి పిలుస్తుంటే భయం ఇంకా ఎక్కువైంది.

కంటి వెనక పొర ఊడిపోయిందని సర్జన్ చెప్పాడు. చూపుకి అసలైన నడిమి భాగం అంచు మీద ఉందట, అదీ ఊడేలోపల రేపు పొద్దున్నే ఆపరేషన్ చెయ్యాలట. చూపు ఎంత మిగులుతుందో మాత్రం మాట ఇవ్వలేనన్నాడు. ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగాడు.

"త్రీ వీక్స్" అన్నాను.

మావారు నా వైపు తిరిగారు. "మూడు వారాలా, సుధా?" అన్నారు. అంతే. ఇంటికొచ్చేదాకా కార్లో ఇంకో మాట లేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆపరేషన్, ఆ మర్నాడు

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పను. మెలకువగానే ఉన్నాను. ముఖం మీద గుడ్డ కప్పారు. గుడ్డ కింద నుంచి ఒక నర్సు నా చెయ్యి పట్టుకుంది. దగ్గొస్తే తల కదపకుండా తన వేలు నొక్కమంది. గంటన్నర సేపు ఆ వేలు నేను వదల్లేదు, ఆమె తియ్యలేదు. ఆమె పేరు అడగాలని తర్వాత తోచింది. అప్పటికి డ్యూటీ దిగిపోయింది.

పొరని అంటించి, అది కదలకుండా కంట్లో గ్యాస్ బుడగ పెట్టారు. ఆ బుడగ వెనక్కి తేలి పొరని నొక్కి ఉంచాలంటే నేను నేల చూస్తూ ఉండాలి. ఏడు రోజులు. గంటకి పది నిమిషాలు విడుపు, మిగతాదంతా తల కిందికే. తిండి, నిద్ర, మాట, ఏడుపు, అన్నీ బోర్లానే. బుడగ ఉన్నంతకాలం విమానం ఎక్కకూడదని చేతికి ఆకుపచ్చ పట్టీ కట్టారు. ఏ ప్రయాణం కోసం ఆగానో ఆ ప్రయాణమే పోయింది. తెనాలిలో అమ్మకి ఫోన్ చేసి, సెలవు దొరకలేదని చెప్పాను. అది కూడా అబద్ధమే.

పక్కింటి షెరిల్ మసాజ్ చేసేది. సంగతి తెలిసి తన మడతబల్ల మోసుకొచ్చింది. ముఖం పెట్టుకోవడానికి దానికో గుండ్రటి కంత ఉంటుంది. మా హాల్లో టీవీ ఎదురుగా వేసి, దుప్పటి పరిచి, నా మెడ కింద చిన్న తువ్వాలు మడిచి పెట్టి, "దేర్ యూ గో, డార్లింగ్" అని వీపు నిమిరి వెళ్ళిపోయింది. ఇక నా లోకమంతా ఆ కంతే. కుడికన్నులో తెల్లటి వెలుగు తప్ప ఏమీ లేదు. ఎడమకంటికి కార్పెట్టూ, వచ్చేపోయే కాళ్ళూ మసగ్గా తెలిసేవి. నల్లసాక్స్ మావారు, గులాబీ సాక్స్ హాసిని.

శనివారం నుంచి సోమవారం దాకా

శనివారం గులాబీ సాక్స్ వచ్చి కంత కింద నిలబడ్డాయి.

"అమ్మా, నౌ ఇట్స్ హాలిడేస్. రోజుకో మూవీ పెడతా. నువ్వు విను. వాట్స్ హాపెనింగ్ నేను చెప్తా."

"సినిమా వినడమేంటే, నీ మొహం."

"నువ్వు ఊరికే ఉంటే ఏడుస్తావ్. ఐ నో."

ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అంతా అర్థమవుతుంది, బదులు మాత్రం ఇంగ్లీషే. అది నాకు తెలుగు సినిమా చెప్పడమేమిటని నవ్వొచ్చింది. సరేనన్నాను.

మొదటిది ఊరమాస్ సినిమా. "హీరో వచ్చాడు. స్లో మోషన్. స్టిల్ స్లో మోషన్. ఓకే, ఒకడు ఎగిరాడు. ఇంకొకడు ఎగిరాడు. కార్ ఎగిరింది. అమ్మా, వై ఈజ్ ఎవ్రీథింగ్ ఫ్లయింగ్?" నవ్వాపుకోలేక బల్ల ఊగిపోయింది. నవ్వితే కన్ను సలుపుతోంది, నవ్వకపోతే పొట్ట నొప్పి. వంటింట్లోంచి మావారు పరుగెత్తుకొచ్చి, తల కదపొద్దని ఇద్దర్నీ కోప్పడ్డారు.

ఆదివారం పాత నలుపు తెలుపు సినిమా పెట్టించాను. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, మాటలన్నీ కంఠతా వచ్చు. నాకు చెప్పక్కర్లేదన్నాను. పది నిమిషాలకి హాసిని, "అమ్మా, ఆమె కోపంగా మాట్లాడుతోంది కదా, బట్ చేతులు షేక్ అవుతున్నాయ్" అంది. నేనెప్పుడూ చూడలేదు ఆ చేతులు. అన్నిసార్లూ ఆవిడ ముఖమే చూశాను, నగలు చూశాను. ఆ సన్నివేశంలో ఆవిడది పొగరు అనుకుని ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను. భయమన్నమాట. కళ్ళున్నన్నాళ్ళూ నేనేం చూశానో అని సిగ్గేసింది.

సోమవారం కొరియా దెయ్యం సినిమా. అది మాత్రం ఘోరంగా తప్పింది. అరగంటకల్లా మాటలు ఆగిపోయాయి. కేకలు, తలుపుల చప్పుళ్ళు, నీళ్ళ చుక్కలు.

"ఏమవుతోందే?"

"ఐ డోంట్ నో. కళ్ళు మూసుకున్నా."

ఇద్దరం చూడకుండానే చాలాసేపు దెయ్యం సినిమా విన్నాం. చివరికి మావార్ని పిలిచాం. ఆయన నిలబడి రెండు నిమిషాలు చూసి, "ఒకావిడ జుట్టు విరబోసుకుని మెట్లు దిగుతోంది, అన్నం పెట్టెయ్యనా?" అన్నారు.

మంగళవారం

మంగళవారం సినిమా లేదు. మెడ ఇనుపకడ్డీ అయిపోయింది. ముఖం వాచి, చుట్టూ కంత అంచు ముద్ర పడింది. పొద్దున్న మందు చుక్కలు వేసేటప్పుడు కుడికన్ను తెరిస్తే ఆ తెల్లదనం కూడా తగ్గినట్టు అనిపించింది. ఇక ఈ కన్ను పోయిందని ఖాయం చేసేసుకున్నాను. హాసిని ముఖం చివరిసారి సరిగ్గా ఎప్పుడు చూశాను? ఆలోచిస్తే గుర్తు రాలేదు. స్కూలు బ్యాగు సర్దుకోమని కేకలేశానేగానీ ముఖం చూశానా? పిల్ల రేపు పెద్దదవుతుంది, దాని ముఖం మారుతుంది, మారిన ముఖం నాకు తెలియదు. ఆ ఒక్క ఆలోచనే గుండెలో కూర్చుని కదల్లేదు.

మధ్యాహ్నం మావారు రసం గ్లాసులో పోసి స్ట్రా పెట్టి తెచ్చారు. నాకెక్కడలేని కోపం వచ్చింది.

"అన్నం కూడా పీల్చుకోమంటారేంటి? తీసుకెళ్ళండి అవతలికి! మీకేం, రెండు కళ్ళు ఉన్నాయి!"

గ్లాసు పక్కన పెట్టిన చప్పుడైంది. వెళ్ళిపోయారనుకున్నాను. కాసేపటికి కార్పెట్ మీద ఏదో కదిలింది. మావారు బల్ల కింద వెల్లకిలా పడుకుని, తల కంత కిందికి జరుపుకున్నారు. ఎడమకంటికి ఆయన ముఖం చామనఛాయ ముద్దగా తెలిసింది. ఆ పొజిషన్‌లోనే కిందినుంచి స్ట్రా నా నోటికి అందించారు.

"తిట్టు. కానీ తాగుతూ తిట్టు" అన్నారు.

తాగాను. సగం గ్లాసయ్యాక నెమ్మదిగా అన్నారు, "మూడు వారాలు పక్కనే ఉన్నాను సుధా. నువ్వు చెప్పలేదు సరే. నేనెందుకు చూడలేదు? నాకు దాని మీదే కోపం. నీ మీద కాదు."

నేను ఏడ్చాను. తల కిందికి ఉంది కదా, నీళ్ళన్నీ తిన్నగా ఆయన మీదే పడ్డాయి. ఆయన పక్కకి జరగలేదు. పెళ్ళయి ఇరవై ఏళ్ళలో అంత దగ్గరగా మేం మాట్లాడుకున్నది తక్కువే.

బుధ, గురువారాలు

బుధవారం మేం విమానం ఎక్కాల్సిన రోజు. ఆ సంగతి ముగ్గురం ఎత్తలేదు. హాసిని ఇక్కడి సినిమా ఒకటి పెట్టింది. వానల్లేక గొర్రెలు పోగొట్టుకున్న ఒక ముసలి రైతు కథ. మాటలు తక్కువ, గాలి ఎక్కువ. ఉన్న నాలుగు మాటలూ ఇంగ్లీషే కాబట్టి, పైన తనూ ఇంగ్లీషులో చెప్తే రెండూ కలిసిపోతున్నాయి. దాంతో పిల్ల తెలుగులోకి దిగింది. ఒక్కో మాట వెతుక్కుంటూ చెప్పింది.

"మట్టి ఎర్రగా... కాదు. నీ టీ కలర్. నీ టీ అమ్మా, నాన్న టీ కాదు. ఆకాశం చాలా... ఎక్కువ ఉంది. ముసలాయన చిన్నగా ఉన్నాడు. గేట్ తీశాడు. గొర్రెలు లేవు, అయినా గేట్ మళ్ళీ వేశాడు."

తెలుగు మాస్టారి దగ్గరికి ఆదివారాలు పంపించి రెండేళ్ళు పోరాడినా రాని భాష, అక్కడ కూర్చుని నా కోసం కూడబలుక్కుంటోంది.

గురువారం ఏ దేశానిదో ఒక సినిమా. ఒక తల్లి, కూతురు, చిన్న ఇల్లు. తల్లికి జబ్బు. కథ ఇలా ఉంటుందని హాసినికీ తెలియదు, మధ్యలో ఆపేద్దామా అంది. సినిమా సగంలో ఆపడం నాకు చేతకాదన్నాను. చివరికొచ్చేసరికి ఒక ఆడపిల్ల ఏడుపు వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. చాలాసేపు లేదు. తర్వాత ఒంటి వాయిద్యం ఒకటి సన్నగా మొదలైంది.

"అమ్మ లేచింది" అంది హాసిని. "నడుస్తోంది. కిటికీ తీసింది. ఎండ వచ్చింది. అంతే, అయిపోయింది."

"మరి ఏడ్చింది ఎవరే?"

"కూతురు. హ్యాపీగా."

నలభై ఏళ్ళుగా సినిమాలు చూస్తున్నదాన్ని. మనిషి లేచి కిటికీ తీస్తే ఆ సంగీతం పెట్టరు. కింద గులాబీ సాక్స్ రెండూ ఒకదాని మీద ఒకటి నొక్కుకుని ఉన్నాయి.

"చచ్చిపోయింది కదూ?" అన్నాను.

ముక్కు చీదిన చప్పుడు.

"నాకెందుకే మార్చి చెప్పడం? నేనేమన్నా చిన్నపిల్లనా?"

"నువ్వు మాకు మార్చి చెప్పలేదా?" హాసిని గొంతు ఒక్కసారిగా పెద్దదైంది. "త్రీ వీక్స్! టీ కింద పోశావ్, నేను అడిగా. బాగానే ఉంది అన్నావ్. ఐ బిలీవ్డ్ యూ, అమ్మా. అప్పుడే నేను నాన్నకి చెప్తే నీ కన్ను... ఇట్స్ మై ఫాల్ట్ అనుకుంటున్నా ఎవ్రీ డే!"

ఆ పిల్ల వారం రోజులుగా మోస్తున్నది ఇదా! నేను అందరికీ శ్రమ తప్పిద్దామనుకుని చెప్పిన అబద్ధం, పోయి పోయి నా కూతురి నెత్తిన కూర్చుంది. విడుపు టైము ఇంకా కాలేదు, లేవకూడదు, పిల్లని దగ్గరికి తీసుకోకూడదు. చెయ్యి ఒక్కటి బల్ల పక్కనుంచి చాపి తడుముకుంటే జుట్టు తగిలింది.

"తప్పు నాది. మొత్తం నాదే. నీది ఇంత కూడా లేదు. విన్నావా?" అన్నాను. "ఇక నీకు అబద్ధం చెప్పను. కనిపిస్తే కనిపిస్తోందంటాను, లేకపోతే లేదంటాను."

"ప్రామిస్?"

"ప్రామిస్."

చెయ్యి కింద తల అటూ ఇటూ ఊగింది. నమ్మలేదని అర్థమైంది. నన్ను నమ్మడానికి నేనేం మిగిల్చాను గనక?

మళ్ళీ శుక్రవారం, ఆ తర్వాత

శుక్రవారం తల ఎత్తమన్నారు. పొర అంటుకుంది, నిలబడిందని సర్జన్ చెప్పాడు. మరి చూపు? బుడగ కరిగాకే తెలుస్తుందట. వెయిటింగ్ రూమ్‌లోకి రాగానే హాసిని నా ముందు నిలబడి, "కనిపిస్తున్నానా?" అంది. బాగానే ఉందనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదే. ఏమీ లేదు. నీళ్ళ అడుగునుంచి చూసినట్టుంది" అన్నాను. పిల్ల నా మోచెయ్యి పట్టుకుంది. ఇంటికెళ్ళి అమ్మకి ఫోన్ చేసి నిజం చెప్పాను. ఆవిడ అరగంట తిట్టి, తర్వాత అరగంట ఏడ్చింది.

బుడగ కరగడానికి ఐదు వారాలు పట్టింది. చూపు పైనుంచి కిందికి వస్తుంది. బుడగ నీళ్ళగీతలా రోజుకి కొంచెం కొంచెం కిందికి దిగుతుంటే, దానికి పైన లోకం తేలుతుంది. ముందు గుమ్మాల పైభాగాలు, చెట్ల చివర్లు. హాసిని ఎదురుగా నిలబడితే పాపిడి, ఇంకో వారానికి నుదురు. ఆగస్టు మొదట్లో బుడగ పోయింది. అన్నీ కనిపించాయి గానీ సరిగ్గా కాదు. తలుపు అంచు మధ్యలో వంకర పోయేది, అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకునేవి. మెల్లిమెల్లిగా సర్దుకుంటుందన్నారు. రోజూ సాయంత్రం హాసిని అడిగేది. ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. మెరుగైందని చెప్పిన రోజు మాత్రం నా ముఖంలోకి అనుమానంగా చూసి ఊరుకునేది.

సెప్టెంబర్ చివర్లో ముగ్గురం హాలుకి వెళ్ళాం. కొత్త తెలుగు సినిమా. దీపాలు ఆరగానే హాసిని నా చెవి దగ్గరికి వంగి, అలవాటుగా మొదలుపెట్టింది. ఇప్పుడంతా తెలుగులోనే.

"ఊరు. పెళ్ళి పందిరి. హీరోయిన్ వస్తోంది. పచ్చచీర."

నాకు చీర ఎర్రగా కనిపిస్తోంది. రంగులు కూడా పోతున్నాయా? ఎవరికీ తెలియకుండా ఎడమకన్ను మూసి, కుడిదాంతో చూశాను. ఎరుపే. మళ్ళీ చూశాను. ఎరుపే.

"గుర్రం మీద హీరో వచ్చాడు" అంది చెవిలో.

వాడు వచ్చింది సైకిల్ మీద. మెరుగైందని ఇంట్లో చెప్పిన మాటలన్నీ నన్ను నేనే మోసం చేసుకున్నవా?

"ఆమె అతన్ని చూసి ఏడుస్తోంది" అంది.

ఎదురుగా అంత పెద్ద తెర మీద ఆ పిల్ల పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది.

"ఏడవడమేంటే, నవ్వుతుంటేనూ!" హాలంతా వినపడేలా అనేశాను. "సైకిల్‌ని పట్టుకుని గుర్రమంటావేంటి? అసలు ఎవరికి చూపించాలే కళ్ళు, నీకా నాకా?"

అప్పటికి తెలిసింది నాకు. కావాలనే తప్పు చెప్పింది. నా నోటిమాట మీద నమ్మకం లేక, సినిమా పెట్టి నా కంటికి పరీక్ష చేసింది.

"నిజంగా కనిపిస్తోందా అమ్మా?" అంది.

ఎడమకన్ను అరచేత్తో గట్టిగా మూసుకుని దాని వైపు తిరిగాను. తెర వెలుగు దాని ముఖం మీద పడుతోంది.

"చీర ఎరుపు. జాకెట్టు పసుపు" అన్నాను. "ఏడుస్తున్నది నువ్వు."